బొట్టుబిళ్ళ అంటించిన గ్లాసు

మొన్న ఆదివారం పులిహోర కలుపుతుంటే పసుపు నూనె చుక్క ఒకటి నా తెల్ల చీర కుచ్చెళ్ళ మీద పడింది. కంగారులో సబ్బు తెచ్చి రుద్దాను. రుద్దగానే పచ్చటి మరక కాస్తా పారాణిలా ఎర్రగా తిరిగింది. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రబడుతుందని తెలియని ఆడది తెలుగునాట ఉండదు, అయినా ప్రతిసారీ సబ్బే రుద్దుతాం. నాలుగుసార్లు జాడిస్తే మళ్ళీ పచ్చబడుతుంది గానీ నేను జాడించలేదు. ఆ ఎరుపును చూస్తూ ఉప్పల్లో మా వంటింటి సింకు దగ్గర అలాగే నిలబడిపోయాను. మావారు వచ్చి, "ఏమిటి, చీరతో మాట్లాడుతున్నావా?" అన్నారు. "కాదు, ఆయమ్మతో" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా వెళ్ళి తన కాఫీ తనే కలుపుకున్నారు. మా ఇంట్లో ఆయమ్మంటే ఎవరో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

మీకు మాత్రం చెప్పాలి. నేను ఉద్యోగం చేసింది నాచారంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో. తెలుగు టీచర్ని. పుట్టింది కృష్ణా జిల్లాలో, పెళ్ళయి ఉప్పల్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మా స్కూలుకు ఒక పక్క పాత ఊరు, ఇంకో పక్క ఫ్యాక్టరీలు. గాలి ఇటు తిరిగిందంటే "టీచర్, గోలీల వాసన" అంటూ పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు. మందుల కంపెనీల మీదుగా వచ్చే ఆ ఘాటు వాసనలోనే నేను ఇరవై ఏళ్ళు పద్యాలు చెప్పాను. ఆ స్కూల్లో గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ, టీచర్లకు టీ అందించేదీ ఆయమ్మ. అక్కడి మనిషే. వాళ్ళ తాతల కాలంలో ఆ కంపెనీల కింద జొన్న పండేదట. హెడ్మాస్టరు మారినా, గవర్నమెంటు మారినా మా స్కూలు ఆయమ్మ మాట మీదే నడిచేది. గంట కూడా ఆవిడకు బుద్ధి పుట్టినప్పుడే మోగేది. చివరి పీరియడ్‌లో పిల్లల మొహాలు వాడిపోతే ఐదు నిమిషాలు ముందే కొట్టేసి, "గడియారం ముందుకురికింది, నేనేంజేత్త?" అనేది.

నన్ను చూస్తే ఆవిడకు వేళాకోళం. "టీచరమ్మా, మీ దిక్కు మాటమాటకు అండీ అండీ అంటరు, నోరు నొయ్యదా?" అనేది. అంటూనే నా గ్లాసు మాత్రం వేరుగా, బూడిదతో తోమి పెట్టేది. అంచు దగ్గర చిన్న సొట్ట ఉన్న స్టీలు గ్లాసు అది. అందులో టీ ఇంకొకరికి పోసేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకు, ప్రతి స్కూలు నుంచి ఒక మాస్టారినీ ఒక టీచరమ్మనూ శిక్షణకు పంపమని ఆర్డరు వచ్చింది. జీవన నైపుణ్యాల పేరుతో పిల్లలకు ఎయిడ్స్ గురించి చెప్పాలట. కాదనడం చేతకానివాళ్ళను ఎంచుకోవడంలో మా హెడ్మాస్టరుది అందెవేసిన చెయ్యి. నన్నూ సైన్సు సారునూ పంపారు. సైన్సు సారుది చెంగిచెర్ల. మెత్తటి మనిషి. మనిషి పుట్టుక గురించిన పాఠాన్ని ఏటా ఒకే వాక్యంలో పూర్తి చేస్తాడని ఆయనకు పేరు. "గీ పాఠం అల్కగుంటది, ఇంట్ల సదువుకోండ్రి." అంత తేలికని చెప్పి పేజీ తిప్పేసేవాడు. అలాంటాయన చేతికి శిక్షణలో మొదటి రోజే సుద్దముక్క ఇచ్చి, శరీర భాగాల పేర్లు బోర్డు మీద రాయమన్నారు. ఆయన చాలాసేపు బోర్డు తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డది. నేను నా నోట్సులో తలదూర్చి పైకి చూడలేదు.

మూడు రోజులయ్యేసరికి మాత్రం ఆయనకు ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. తిరుగు బస్సులో, నిలబడ్డానికి చోటు లేని చోట, నాలుగు వరసల అవతల నుంచి గొంతెత్తి, "మేడం, కండోమ్ గురించి పోరగాండ్లకు నేను జెప్త, ఆడపిల్లలకు మీరే జెప్పాలె!" అన్నాడు. షిఫ్టు దిగి వస్తున్న బస్సు బస్సంతా నా వైపు తిరిగింది. నేను నా స్టాపు కంటే రెండు స్టాపులు ముందే దిగి నడిచిపోయాను.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నా వంతు. మొదటివారం "వద్దు" అని చెప్పడం నేర్పాలి. ఎవరైనా బలవంతం చేస్తే మర్యాదగా ఎలా వద్దనాలి, గట్టిగా ఎలా వద్దనాలి అని జంటలు జంటలుగా ఆడించాలి. ముప్ఫై మంది పిల్లలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కిసకిస నవ్వడమే తప్ప ఒక్కరి నోటా ఆ మాట సరిగ్గా రాలేదు. వరండా ఊడుస్తున్న ఆయమ్మ కాసేపు చూసి, చీపురు పట్టుకునే లోపలికి వచ్చింది. "గట్ల నవ్వుకుంట జెప్తే ఎవడింటడే? సూడుండ్రి." చీపురు నేలకు ఒక్కటి కొట్టి, "వద్దంటే వద్దు! నడువ్!" అంది. ముందు బెంచీ పిల్లలు వెనక్కి ఒరిగారు. నేను కూడా ఒకడుగు వెనక్కి వేశాను. ఆ తరవాత పిల్లలందరూ అచ్చం ఆ గొంతుతోనే వద్దనడం నేర్చుకున్నారు. నన్నడిగితే ఆ ఏడాది మొత్తంలో పక్కాగా పూర్తయిన పాఠం అదొక్కటే.

వెనక బెంచీలో కూర్చున్న ఆయమ్మ మనవరాలు ఆ రోజు మాత్రం సిగ్గుతో బల్ల కిందికి దూరిపోయింది. సన్నగా, రెండు జడలతో, అడిగితేనే మాట్లాడే పిల్ల. తల్లీతండ్రీ లేరు, నానమ్మే పెంచుతోందని తెలుసు. తండ్రి కంపెనీ వ్యాను నడిపేవాడని, జ్వరంతో పోయాడని, ఏడాది తిరగకుండా తల్లికి టీబీ ముదిరిందని స్కూల్లో చెప్పుకునేవారు. అంతకు మించి నేనెప్పుడూ అడగలేదు.

తరవాత ప్రశ్నల పెట్టె. పేర్లు రాయకుండా చీటీల మీద సందేహాలు రాసి వేయాలి. మిఠాయి డబ్బాకు కన్నం పెట్టి బల్ల మీద పెట్టాను. దోమ కుడితే వస్తదా, ఒకే సబ్బు వాడితే వస్తదా, మా అన్న మంగలి షాపుకు పోతడు అతనికి వస్తదా అని చీటీల మీద చీటీలు. తెలుగు టీచర్ని కనక ఎవరి దస్తూరీ ఎవరిదో నాకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే చూడకూడదని ఒట్టు పెట్టుకుని, రాత మీద కాకుండా మాటల మీదే చూపు నిలిపి చదివేదాన్ని. ఒక చీటీలో, "అమ్మకు ఉంటే బిడ్డకు ఉంటదా?" అని ఉంది. "ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది" అన్నాను. వైకల్పిక సంధి చెప్పినంత తేలిగ్గా చెప్పి, తరవాతి చీటీ తీశాను.

ఆ పై వారం నీళ్ళ ఆట. అందరికీ తలో గ్లాసు నీళ్ళు ఇస్తారు. అందులో ఒక్క గ్లాసులో మాత్రం చూడ్డానికి నీళ్ళలాగే కనిపించే మందు ఏదో కలుపుతారు. పిల్లలు ముగ్గురేసి స్నేహితులతో నీళ్ళు ఇచ్చిపుచ్చుకోవాలి, అంటే వాళ్ళ నీళ్ళు వీళ్ళ గ్లాసులో పోసి, కలిపి, సగం వెనక్కి తీసుకోవాలి. చివర్లో ఇంకో మందు చుక్క వేస్తే, ఆ మొదటి గ్లాసు నీళ్ళు ఎంతమందికి చేరాయో అన్ని గ్లాసులూ రంగు మారి చెబుతాయి. మొహం చూసి ఎవరికి ఉందో చెప్పలేమనీ, ఒకరి నుంచి ఎందరికో తెలియకుండానే పాకుతుందనీ పిల్లలకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. శిక్షణలో ఆ మందులు చూపించారు గానీ మా స్కూలు ల్యాబులో ఉన్నవి ఒక ఎముకల బొమ్మా రెండు పగిలిన సీసాలూ మాత్రమే. నాకు నా వంటిల్లు ఉందిగా! తాంబూలపు సున్నం నీళ్ళలో కలిపి, రాత్రంతా తేర్చి, పైన తేట వంచితే మంచినీళ్ళకూ దానికీ తేడా తెలియదు. పసుపు నీళ్ళు చుక్క వేస్తే ఎర్రబడుతుంది. ఇంత తెలివి నాకే పుట్టిందని రెండు రోజులు మావారికి చెప్పుకుని మురిసిపోయాను. టీకొట్టు నుంచి ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చి, సున్నపు తేట పోసిన గ్లాసు అడుగున గుర్తుగా ఒక బొట్టుబిళ్ళ అంటించాను. తాగొద్దని పదిసార్లు చెప్పి ట్రే తిప్పాను. ఏ గ్లాసు ఎవరు తీశారో నేను చూడలేదు.

ఆట బ్రహ్మాండంగా సాగింది. పసుపు చుక్క పడగానే ఒక్కొక్క గ్లాసే ఎర్రబడుతుంటే పిల్లలు కెవ్వుమని అరుస్తున్నారు. అక్కడితో ఆపెయ్యాలి. శిక్షణ ఇచ్చినావిడ పదేపదే చెప్పింది కూడా, మొదటి గ్లాసు ఎవరి చేతికి వచ్చిందో ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకండి అని. కానీ నేను తెలుగు టీచర్ని. ముగింపు లేని కథ నాకు మింగుడుపడదు. "అందరూ గ్లాసులు పైకెత్తి అడుగున చూడండి, బొట్టుబిళ్ళ ఎవరిదో?" అన్నాను, పొడుపుకథ విప్పుతున్నదానిలా.

బొట్టుబిళ్ళ ఆయమ్మ మనవరాలి గ్లాసుకు ఉంది. "నీకెల్లే అందరికొచ్చిందే!" అని ముందు బెంచీలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆటే కదా అని. ఆ పిల్ల గ్లాసు బల్ల మీద మెల్లగా పెట్టి, సంచీ కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

ఆ సాయంత్రం గది ఊడవడానికి వచ్చిన ఆయమ్మ, బక్కెట్లో పారబోసిన ఎర్రటి నీళ్ళు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళంటే దిష్టి నీళ్ళే కదా మనకు. "ఎవరికి దిగదీసిన్రు గివి? ఇన్ని నీళ్ళా? స్కూలు మొత్తానికి దిష్టి దీసినవా టీచరమ్మా?" అంది. పాఠం కోసమని ఎంత చెప్పినా వినలేదు. వాటిని తొక్కకుండా, దాటకుండా చుట్టూ తిరిగి, గేటు బయట మూడు బాటల దగ్గరికి మోసుకెళ్ళి పోసొచ్చింది. సరిగ్గా అప్పుడే స్కూటర్ మీద బయల్దేరిన హెడ్మాస్టరు అందులోంచే పోయారు. వారం రోజుల పాటు ఆయనకు ఏ చిన్న తుమ్ము వచ్చినా ఆయమ్మ నా వైపే చూసేది.

చూసేది గానీ మాట్లాడేది కాదు. మర్నాటి నుంచి మనవరాలు బడికి రాలేదు. అందరికీ టీ వచ్చేది, నాకూ వచ్చేది, కానీ వేరే గ్లాసులో. నా సొట్ట గ్లాసు అలమరలో బోర్లించి ఉంది. అప్పటికి గానీ నాకు భయం వెయ్యలేదు. పిల్లకు ఏమైందని అడిగితే, "ఇగ రాదు. పనికి పోతది" అంది, నా మొహం చూడకుండా. పద్నాలుగేళ్ళ పిల్ల, తరగతిలో కుదురుగా చదివే పిల్ల, నా ఆట వల్ల చదువు మానేస్తోంది. ఎందుకో మాత్రం నాకు బోధపడలేదు.

ఐదో రోజు సాయంత్రం ఆ పిల్ల సంచీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పాత ఊళ్ళో ఒక గది, ముందు చిన్న వాకిలి. ఆయమ్మ నన్ను కూర్చోమంది గానీ తను నిలబడే ఉంది. అలాగే అడిగింది.

"ఒక్కటి జెప్పు టీచరమ్మా. నీకెట్ల తెల్సింది?"

"ఏమి తెలిసిందమ్మా?"

"నా కొడుకూ కోడలు దేంతోని పోయిన్రో. దవాఖానాల కాగితమిచ్చిన్రు. నాకు సదువు రాదు గదా, గీ పిల్లనే సదివి జెప్పింది. అప్పుడు దానికి పదకొండేండ్లు. మేమిద్దరం కాక ఎవలకూ తెల్వది. నువ్వు అందర్ల దాని గ్లాసుకే బొట్టు వెడితివి."

ఆ చీటీ గుర్తొచ్చింది. చూడకూడదని ఒట్టు పెట్టుకున్న ఆ దస్తూరీ, ఒత్తులు పెద్దగా రాసే ఆ దస్తూరీ, అప్పుడు కళ్ళ ముందు నిలబడింది. పదకొండేళ్ళప్పటి నుంచి ఆ పిల్ల మోస్తున్న ప్రశ్నకు నేను వైకల్పిక సంధి చెప్పి పేజీ తిప్పేశాను. సైన్సు సారును ఎన్నాళ్ళు వెక్కిరించానో! ఆయనకంటే నేను చేసింది ఏమి ఎక్కువ? ఏడుపొచ్చింది. టీచరు ఏడవకూడదంటారు. ఏడ్చాను. నాకేమీ తెలియదనీ, ట్రేలో ఏ గ్లాసు ఎవరికి వెళ్ళిందో కూడా చూడలేదనీ, అయినా తప్పు నాదేననీ, చెయ్యొద్దన్న పని చేశాననీ ఆయమ్మకు చెప్పాను.

తలుపు వెనక నిలబడ్డ పిల్ల అప్పుడు బయటికి వచ్చింది. "పరీక్షంటే నెత్తురు దీస్తరా టీచర్?" అని అడిగింది.

"తీస్తారు. కొంచెమే."

"ఉందంటే?"

"మందులున్నాయి. ఇప్పుడు ఊరికే ఇస్తున్నారు కూడా. లేదంటే ఈ భయం పోతుంది. ఏదైనా నువ్వు బడికే రావాలి."

ఆయమ్మ వద్దంది. "ఇన్ని దినాలు తెల్వకుండనే బతికినం. తెలిస్తే నేనేంజేత్త?" అంది. పిల్ల నానమ్మ వైపు తిరిగింది. "వద్దంటే వద్దనుడు నువ్వే నేర్పితివి గదా నానమ్మా. నాకీ భయం వద్దు. గంతే." గొంతు అచ్చం ఆయమ్మదే. చీపురొక్కటే తక్కువ.

శనివారం ఒంటిపూట బడి కాగానే ముగ్గురం బస్సెక్కి పెద్ద దవాఖానాకు వెళ్ళాం. అక్కడ పరీక్ష గది ముందు చెక్క బెంచీ. ఆయమ్మ కొంగులో అటుకులు మూటకట్టి తెచ్చింది. మా ముందు కూర్చున్నవాళ్ళందరూ మొహాలు దాచుకుంటుంటే, ఆవిడ మాత్రం అందరి చేతుల్లో తలో గుప్పెడు పెట్టుకుంటూ వచ్చింది. "జర తినున్రి. ఆకలి మీద ఫికర్ ఎక్కువైతది" అంది. ఒక కుర్రవాడు తీసుకోవడానికి తటపటాయించాడు. తన చెయ్యి తగిలితే ఆవిడకు అంటుతుందేమోనన్న అనుమానం వాడి కళ్ళలో నాకే కనిపించింది. ఆయమ్మ వాడి చేతిలో పోసి, మిగిలింది అదే చేత్తో తన నోట్లో వేసుకుంది. మిఠాయి డబ్బాలో చీటీలకు నేను చెప్పిన జవాబులన్నీ అక్కడ ఒక్క గుప్పెడు అటుకుల్లో ఇమిడిపోయాయి.

కాగితం వచ్చింది. ఈసారి దాన్ని చదివి చెప్పింది లోపల కౌన్సెలరమ్మ. పిల్ల విని, కాగితం నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. ఆయమ్మ ఆ పిల్ల తల నిమిరింది. తిరిగి వస్తుంటే ముగ్గురికీ కిటికీ పక్క సీటు కావాలి, చివరికి పిల్లే గెలిచింది.

సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. నేను నీళ్ళ ఆట మళ్ళీ ఆడించాను. ఈసారి సున్నపు తేట గ్లాసు నేనే పట్టుకున్నాను, బొట్టుబిళ్ళ అందరికీ కనిపించేలా పైనే అంటించుకుని. పిల్లలతో పాటు నేనూ నీళ్ళు ఇచ్చిపుచ్చుకున్నాను. ఎర్రబడ్డ గ్లాసులన్నీ బల్ల మీద పేర్చి, పోయినసారి గ్లాసులు తిప్పి చూడమనడం నా తప్పని తరగతి ముందు చెప్పాను. మొదట ఎవరిదని వెతకడం ఎవరికీ పనికిరాదని, ఆ వెతుకులాట వల్లే మనుషులు పరీక్షకు రాకుండా దాక్కుంటారని చెప్పాను. వెనక బెంచీలోంచి రెండు జడలు నా వైపే చూస్తున్నాయి. ఇంటర్వెల్లో టీ నా సొట్ట గ్లాసులోనే వచ్చింది. ఎర్రనీళ్ళు మళ్ళీ మూడు బాటలకే వెళ్ళాయి, అందులో మాత్రం ఆవిడ నా మాట వినలేదు.

ఆ తరవాత ఉద్యమం రోజులు వచ్చాయి. బంద్‌లు, మూతపడ్డ బడులు, స్టాఫ్ రూములో మాటల యుద్ధాలు. ఒకరోజు ఆయమ్మ గ్లాసు నా ముందు పెట్టి, "తెలంగాణ వస్తే నువ్వు మీ ఊరికి పోతవా టీచరమ్మా?" అంది. పోనన్నాను. "పోకు. గీ గ్లాసుల ఇంకెవరికి పొయ్యాలె?" అంది. తెలంగాణ వచ్చింది, నేను పోలేదు. పోయింది ఆవిడే. మునిమనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఆడించాకే, నిద్రలో, ఎవరికీ పని పెట్టకుండా పోయింది. సొట్ట గ్లాసు రిటైరయిన రోజు నాతో తెచ్చుకున్నాను.

మనవరాలు ఇప్పుడు నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు సూపర్‌వైజరు. చీర మరక సంగతి ఫోన్లో చెప్పి, ఇదంతా రాయనా అని అడిగాను. "రాయుండ్రి టీచర్, పేర్లు వద్దు. గా కాగితం సంగతొక్కటి వద్దు" అంది. ఆ కాగితంలో ఏముందో తెలిసినవాళ్ళలో ఇద్దరమే మిగిలాం. నాకు తెలుసు, చెప్పను. ఒకసారి ఆ పిల్ల గ్లాసు తిప్పి చూపించాను, రెండోసారి తిప్పను. మీరు ఆమెను చూసి పోల్చుకోవాలని ప్రయత్నించినా లాభం లేదు. షిఫ్టు దిగి నాచారం స్టాపులో నిలబడే పదిమందిలో, రోజూ మందుబిళ్ళ వేసుకునేవాళ్ళకూ వేసుకోనివాళ్ళకూ ఒకేలా జుట్టు నెరుస్తోంది. ఆ చెక్క బెంచీ మీద కూర్చున్న రోజున కాలం ఇంత దయ చూపిస్తుందని మా ముగ్గురిలో ఒక్కరం కూడా అనుకోలేదు.